పడమటి వైపు నివాసులు

చేయవలసిన పనులు ఇవి. క్లబ్బు గేటు దగ్గర నుంచి బడి దాకా టేపు పెట్టి కొలవాలి. గుడి దాకా, ఆసుపత్రి దాకా కూడా కొలవాలి. క్లబ్బు అధ్యక్షుడి మీద, కమిటీ వాళ్ళ మీద పాత కేసులేమైనా ఉన్నాయేమో స్టేషను రికార్డుల్లో వెతకాలి. సీసాలు పెట్టబోయే గదికి తాళం, కిటికీలకు చువ్వలు ఉన్నాయో లేదో చూడాలి. తాగినవాళ్ళు బండెక్కి మెయిన్ రోడ్డు మీదికి తిరిగే మలుపు ఎంత ఇరుకో చూడాలి. చుట్టుపక్కల నివాసులను కలిసి, వాళ్ళేమంటున్నారో వాళ్ళ మాటల్లోనే రాసుకోవాలి. ఇద్దరు పెద్దమనుషుల చేత సంతకాలు చేయించాలి. ఇవన్నీ అయ్యాక, లైసెన్సు ఇవ్వడానికి పోలీసులకు అభ్యంతరం ఉందో లేదో ఒక్క ముక్కలో తేల్చాలి.

ఎస్సై బొళ్ళమ్మ ఇదంతా ఒక కాగితం మీద రాసి, మడిచి జేబులో పెట్టుకుంది. తోరెమాడు స్టేషనుకు వచ్చాక ఆమెకు మిరియాల దొంగతనం కేసులు, గట్టు తగాదాలు, లైసెన్సు లేని జీపులు తప్ప ఇలాంటిది తగల్లేదు. తోరెమాడు స్పోర్ట్స్ క్లబ్బు తన సభ్యులకు మద్యం అందించుకోవడానికి అనుమతి కోరింది. ఎక్సైజు వాళ్ళు పోలీసు అభిప్రాయం అడిగారు. సర్కిల్ ఇన్‌స్పెక్టరు అప్పటికే ఫోన్ చేసి చెప్పాడు.

"ఈ వారంలో పంపెయ్యమ్మా. హాకీ పోటీలు దగ్గరకొచ్చాయి. క్లబ్బు అధ్యక్షుడు కుశాలప్పగారు మర్యాదస్తుడు, పెద్దగా తవ్వాల్సిందేం లేదు."

జీపులో పక్కన కూర్చున్న హెడ్ కానిస్టేబులు ఉత్తయ్య టేపు చుట్టను ఒళ్ళో పెట్టుకుని నవ్వుతున్నాడు.

"ఎందుకు నవ్వుతున్నావు?"

"ఏం లేదు మేడమ్. మన కొడగులో నలుగురు కూర్చుని తాగడానికి సర్కారుని అడగడం. మా నాన్న వింటే నవ్వి నవ్వి మళ్ళీ పోయేవాడు."

పోయిన వారం కురిసిన వానకు కాఫీ పూలు విచ్చుకుని తోటలన్నీ తెల్లగా ఉన్నాయి. క్లబ్బు వరండాలో కుశాలప్ప ఎదురొచ్చాడు. తెల్ల మీసం, నిటారు మనిషి. ఒక మోకాలు వంగదు. చేతికర్రకు బదులు పాత హాకీ స్టిక్కు తలకిందులుగా పట్టుకుని నడుస్తాడు.

"రావమ్మా బొళ్ళూ. పోలీసయ్యాక మా గడప తొక్కడం మానేశావు. మీ అమ్మ కులాసానా?"

"కులాసానే మావా. ఇవాళ డ్యూటీ మీద వచ్చాను. మీరు నాకు చుట్టమని కాగితంలో రాయాలేమో."

"రాసుకో. చుట్టం కానివాడి మీదే విచారణ చెయ్యాలంటే ఈ ఊళ్ళో స్టేషను మూసుకోవాలి."

బెల్లం కాఫీ వచ్చింది. తాగి, లేచి, పని మొదలుపెట్టారు. బడి అవతలి గుట్ట మీద ఉంది. ఆసుపత్రి పక్క ఊళ్ళో ఉంది. గుడి అంటూ ఊళ్ళో లేదు, దేవుడి అడవి ఉంది, అదీ ఏటికి అవతల. ఉత్తయ్య టేపు కొస పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తుంటే, బొళ్ళమ్మ బిగించి చూసి అంకె వేసుకుంటోంది. మైదానం చుట్టూ ముళ్ళ తీగ, కొత్తది, ఇంకా తుప్పు పట్టలేదు.

బారు కోసం కొత్త గది కట్టబోయే చోటు భవనానికి పడమటి పక్కన ఉంది. నేల మీద సున్నంతో గీత గీసి, మూలలకు మేకులు కొట్టారు. గీత లోపల ఒక పనస చెట్టు. చెట్టు మొదట్లో మూడు రాళ్ళు, మోకాలెత్తు. నడిమి రాయి ముందు స్టీలు గ్లాసు, పక్కన ఆకులో కాస్త అన్నం.

ఉత్తయ్య గొంతుక్కూర్చుని గ్లాసు వాసన చూశాడు. "మేడమ్, లైసెన్సు రాకముందే ఎవరో ఇక్కడ బారు తెరిచేశారు."

"ఏ తాగుబోతో వదిలేసి పోయుంటాడు," అన్నాడు కుశాలప్ప. "అందుకే కదా మేం అడిగేది? పద్ధతిగా, కుర్చీల్లో కూర్చుని తాగడానికి."

"ఈ రాళ్ళేంటి మావా?"

"పాతకాలం సరిహద్దు రాళ్ళు. పునాది తీస్తే పోతాయిలే."

బొళ్ళమ్మ వంగి ఆకు వైపు చూసింది. రాత్రంతా వాన కురిసింది. పనస మాను ఇంకా కారుతోంది. ఆకులో అన్నం మాత్రం నానలేదు, మెతుకు మెతుకు విడిగా ఉంది. తెల్లవారి, వాన వెలిసాక ఎవరో వచ్చి పెట్టారు. తాగుబోతు తన గ్లాసు మరిచిపోతాడేమో గానీ, ఆకు కడిగి అన్నం వడ్డించి పోడు. టేపు చుట్టమని ఉత్తయ్యకు సైగ చేసింది.

*

మర్నాడు తెలవారగానే ఆమె యూనిఫాం వేసుకుని ఒక్కతే వచ్చింది. జీపు రోడ్డు మీద వదిలి, తోటలోంచి నడిచి, తీగకు ఇవతల ఒక సిల్వర్ ఓకు చెట్టు చాటున నిలబడింది. నేరం కోసం కాదు. ఎవరు పెడుతున్నారో తెలుసుకోవాలని, అంతే.

ఎక్కువసేపు నిలబడక్కర్లేకపోయింది. తోట కూలీలుండే లైన్ ఇళ్ళ వైపు నుంచి ఒక ముసలామె వచ్చింది. పొట్టి మనిషి. చీర పైకి దోపుకుంది. చేతిలో ఆకు పొట్లం, నడుములో ఇంకేదో. తీగ దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి, పొట్లాన్ని ముందు లోపలికి నెట్టి, నేల మీద పడుకుని పాకింది. సగం దూరాక జుట్టు ముల్లుకు చిక్కుకుంది. ముందుకు పోలేదు, వెనక్కి రాలేదు.

బొళ్ళమ్మ చెట్టు చాటు నుంచి వచ్చింది. బూట్లు కనిపించగానే ముసలామె నేలకు అతుక్కుపోయింది.

"నేనేం ఎత్తుకుపోలేదమ్మా."

"ఎత్తుకుపోయావని ఎవరన్నారు? కదలకు." ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, టోపీ తీసి పక్కన పెట్టి, వెంట్రుకలు ఒక్కొక్కటే ముల్లు నుంచి విడదీసింది. బురదలో ఇద్దరి మోకాళ్ళూ ఒకటే రంగయ్యాయి. "నీ పేరేంటి?"

"చోమి."

"నడుములో ఏముంది చోమీ?"

"ఏం లేదమ్మా." కాసేపాగి, "సారాయి పొట్లం. నా కోసం కాదు."

"మరి ఎవరికి?"

"మా అమ్మకి."

"ఏదీ మీ అమ్మ?"

చోమి గడ్డంతో నడిమి రాయిని చూపించింది. "కాళి అంటారు. ఇటు మా పెద్దమ్మ. అటు మా మామ. మామకి చుక్క ఎక్కువైతే అమ్మకి కోపం, కలలోకొచ్చి తిడుతుంది. సమానంగా పోయాలి."

ఆమె లోపలికి వెళ్ళి పని మొదలుపెట్టింది. నిన్నటి ఆకు తీసి అవతల వేసింది. రాళ్ళ మీద రాలిన పనస పిందెలు ఏరింది. చీర కొంగుతో నడిమి రాయిని తుడిచింది, పిల్ల ముక్కు తుడిచినంత మోటుగా. పొట్లం పంటితో చించి, గ్లాసులో పోసి, వేలు ముంచి మూడు రాళ్ళకూ తలా కాస్త చిలకరించింది. తీగ ఇవతల నిలబడి బొళ్ళమ్మ చూస్తూ ఉండిపోయింది. తమ ఇంట్లో అమ్మ చేసేదీ ఇదే. వేలు ముంచే తీరు కూడా ఇదే.

"రోజూ వస్తావా?"

"పనిలేని రోజు వస్తా. లేకపోతే పనికి ముందు. తీగ పోయిన కాఫీ కోతలప్పుడు వేశారు. అంతకుముందు నడిచి వచ్చేదాన్ని. ఇప్పుడు పాకుతున్నా. ఈ వయసులో మళ్ళీ పాకడం నేర్పారు నాకు."

"అడగలేకపోయావా కుశాలప్ప అయ్యని?"

"ఏమని అడుగుతాం? ఈ నేల అయ్యది." చోమి మైదానం వైపు చేయి ఊపింది. "ఇక్కడ గుట్ట ఉండేదమ్మా. ఆటకి చదును చెయ్యాలని చెప్పి అయ్య వాళ్ళ నాన్న పెద్దయ్య తవ్వించాడు. మా అమ్మ తట్టలతో మోసింది. నేను కడుపులో ఉండగా మోసిందంట. అందుకే నా మెడ ఇట్లా లోపలికి పోయిందని నవ్వేది." చోమి కూడా నవ్వింది.

బొళ్ళమ్మకు ఒక దారి తోచింది. చాలా తేలికైన దారి. "ఇదిగో చూడు చోమీ. ఇక్కడ గుడి ఉందని నేను కాగితంలో రాస్తే చాలు. గుడి పక్కన మందు అమ్మకూడదు. ఈ గది కట్టరు. రాళ్ళ జోలికి రారు."

"వద్దు!" ఇంతసేపూ గొణిగినట్టు మాట్లాడిన మనిషి ఒక్కసారి గొంతెత్తింది. "గుడి అని రాయొద్దమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఎందుకు?"

"అవతలి ఎస్టేటులో మా చిన్నమామ వాళ్ళ రాళ్ళకి అట్లాగే అయింది. ఎవరో పెద్దమనిషి వచ్చి గుడి అన్నాడు. పలకలు పరిచారు. గంట కట్టారు, తలుపు పెట్టి తాళం వేశారు. ఒక అయ్యోరొచ్చాడు. సారాయి తేకూడదంట, కోడి తేకూడదంట, మేం మెట్టెక్కకూడదంట. చిన్నమామకి అప్పట్నుంచీ కొబ్బరిచిప్పలే." చోమి గొంతు తగ్గించింది. "బతికుండగానే ఆయనకి పళ్ళు లేవు."

బొళ్ళమ్మకు నవ్వొచ్చింది. ఆపుకుంది. తర్వాత నవ్వు రాలేదు.

"మరి ఏమని రాయను? దేవుడు కాదు, గుడి కాదు. సమాధులా?"

"కప్పెట్టింది ఇక్కడ కాదు."

"మరి?"

"ఉంటారమ్మా. అంతే." ఇంత చిన్న సంగతి పోలీసులకు తెలియదా అన్నట్టు చూసింది చోమి. "నువ్వు స్టేషన్లో ఉంటావు. అయ్య బంగళాలో ఉంటాడు. మేం లైన్లో ఉంటాం. వీళ్ళిక్కడుంటారు."

*

తూర్పు వైపు కొలత ఒకటి మిగిలింది. ఆ మధ్యాహ్నం ఉత్తయ్యతో మళ్ళీ వెళ్ళింది. క్లబ్బుకు తూర్పున, చిన్న ఎత్తు మీద, పెంకుల కప్పు వేసిన చిన్న కట్టడం ఉంది. కుశాలప్ప ఇంట్లో పోయిన పెద్దలను తలుచుకునే కైమడ. లోపల మసకబారిన మట్టి బొమ్మలు, దీపపు కుంది, కడిగి బోర్లించిన కంచు గిన్నె. ఉత్తయ్య చెప్పులు విప్పి టేపు పట్టుకున్నాడు.

"అరవై మీటర్లు దాటలేదు మేడమ్," అన్నాడు మెల్లగా. "పూజాస్థలానికి నూరు ఉండాలి కదా?"

కుశాలప్ప హాకీ స్టిక్కు ఆనించుకుంటూ ఎత్తెక్కి వచ్చాడు. "ఇది కూడా కొలుస్తున్నారా?"

"పూజాస్థలమని రాయనా మావా?"

"పూజాస్థలమేంటి? నీకు తెలియనట్టు అడుగుతావు. ఇది గుడా ఏమన్నానా? ఇక్కడ గంట ఉందా, అయ్యోరున్నాడా? ఏడాదికోసారి కోడి కూర పెడతాం, సారాయి పోస్తాం. ముందు వాళ్ళు తాగితేనే తర్వాత మనం. మందు తాగే పెద్దలకి మందు గది అడ్డమా?"

"మరి ఏమని రాయను?"

"మా పెద్దలమ్మా. ఇక్కడుంటారు. అంతే."

బొళ్ళమ్మ పెన్ను కాగితం మీద ఆనించి ఆగిపోయింది. ఉత్తయ్య టేపు చుడుతున్నవాడు చుట్టడం మానేశాడు. అతనికి చోమి సంగతి జీపులో ఆమే చెప్పింది.

"పడమటి పక్క రాళ్ళ గురించి కూడా ఇదే మాట విన్నాను మావా," అంది బొళ్ళమ్మ. "లైన్లో ఉండే చోమి చెప్పింది. వాళ్ళమ్మ కాళి, పెద్దమ్మ, మామ. అక్కడుంటారట."

కుశాలప్ప మీసం సవరించుకున్నాడు. "అది వేరు."

"ఎట్లా వేరు?"

"ఎట్లా ఏంటి? ఇది కైమడ. అవి రాళ్ళు. ఇది మా నేల మీద మా పెద్దలు. వాళ్ళు..." స్టిక్కుతో గడ్డి పరకను కొట్టాడు. "నువ్వు పోలీసుగా అడుగుతున్నావా, నా చెల్లెలి కూతురుగా అడుగుతున్నావా?"

"ఎట్లా అడిగితే చెప్తారు?"

"ఎట్లా అడిగినా ఇది అడగాల్సిన ప్రశ్న కాదు." ఆయన వెనుదిరిగి దిగిపోయాడు. వంగని మోకాలితో ఎత్తు దిగడం కష్టం. ఎప్పుడూ చేయి అందించే ఉత్తయ్య ఆ పూట కూడా పరుగెత్తి అందించాడు. పెద్దాయన తోసెయ్యలేదు, అటు చూడనూ లేదు.

జీపు స్టేషను చేరకముందే సర్కిల్ ఇన్‌స్పెక్టరు ఫోను వచ్చింది. "రాళ్ళు లెక్కపెట్టమని నిన్నెవరడిగారమ్మా? అభ్యంతరం ఉందా లేదా రాయి, పంపు."

*

రిపోర్టు రాయడానికి బొళ్ళమ్మకు ఒక పూట పట్టింది. పూజాస్థలం అన్న చోట లేదు అని రాసింది. అది నిజమే. ఇద్దరూ కాదన్నారు. తర్వాత, చుట్టుపక్కల నివాసుల అభిప్రాయం అన్న చోటికి వచ్చింది. కాసేపు కిటికీలోంచి వాన చూసింది. అప్పుడు రాసింది, ఒక్క కొట్టివేత లేకుండా.

తూర్పున కుశాలప్పగారి ఇంటి పెద్దలు ఉంటారు. మద్యంపై అభ్యంతరం లేదు. పడమట, కట్టబోయే గది స్థలంలోనే, కాళి, ఆమె అక్క, ఆమె తమ్ముడు ఉంటారు. వారికీ మద్యంపై అభ్యంతరం లేదు, వారు స్వయంగా పుచ్చుకుంటారు. వారి తరఫున కూతురు చోమి చెప్పిన అభ్యంతరాలు రెండు: సున్నపు గీత, ముళ్ళ తీగ. గది చెట్టుకు ఇవతలికి జరిపి, మనిషి నిలువుగా నడిచే దారి వదిలితే లైసెన్సుకు పోలీసులకు అభ్యంతరం లేదు.

ఉత్తయ్య చదివి కాగితాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. "మేడమ్, మిమ్మల్ని ఎక్కడికైనా బదిలీ చేస్తే, మన ఎదురు హోటలు కడంబుట్టు ఉండలు మళ్ళీ దొరకవు. ఇవాళే తినేసి వెళ్దాం," అన్నాడు.

సర్కిల్ ఇన్‌స్పెక్టరు మర్నాడు స్వయంగా స్టేషనుకు వచ్చాడు. కేకలేస్తాడనుకున్నారు. నవ్వాడు, అది ఇంకా ఇబ్బందిగా ఉంది.

"ఇరవై ఏళ్ళ సర్వీసులో చచ్చినవాళ్ళ వాంగ్మూలం తీసుకున్న పోలీసును ఇప్పుడే చూస్తున్నా. పైవాళ్ళు చదివితే ఏమంటారు?"

"నివాసి అంటే ఎవరో ఎక్కడా రాసి లేదు సార్. నేను వెతికాను."

"వెతికావా!" ఆయన తన వెంట తెచ్చిన కాగితం తీశాడు. "ఇది సింపుల్. కుశాలప్పగారు వస్తున్నారు, సంతకం పెడతారు, అయిపోయింది."

కుశాలప్ప వచ్చి కూర్చున్నాడు. బొళ్ళమ్మ వైపు చూడలేదు. స్టిక్కును బల్లకు ఆనించి, కళ్ళద్దాలు పెట్టుకుని, ఇన్‌స్పెక్టరు ఇచ్చిన కాగితాన్ని అలవాటు కొద్దీ పైకి చదవసాగాడు.

"క్లబ్బుకు నూరు మీటర్ల లోపు పూజాస్థలము గానీ, ఏ కుటుంబపు పెద్దల స్థానము గానీ లేదనియు, అక్కడ ఎవరునూ లేరనియు, కుశాలప్ప అను నేను..."

ఆగాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని అదే వాక్యం ఈసారి లోపల్లోపల చదువుకున్నాడు. పెదవులు మాత్రం కదిలాయి.

"ఎవరునూ లేరని నేను రాసివ్వాలా?"

"మాట వరసకి సార్. సంతకం పెట్టేస్తే ఈ గొడవంతా..."

"వాళ్ళు ఏమనుకుంటారు?"

"ఎవరు సార్?"

"మా వాళ్ళు."

ఇన్‌స్పెక్టరు మర్యాదగానే అన్నాడు, "ఈ కాగితం వాళ్ళు చదవరు కదా."

"చదవరని నీకెవరు చెప్పారయ్యా?"

కుశాలప్ప కాగితాన్ని బల్ల మీద తిప్పి ఇన్‌స్పెక్టరు వైపు నెట్టాడు. "ఈ పిల్ల రాసింది ఇటివ్వు."

బొళ్ళమ్మ రిపోర్టు అందించింది. ఆయన తూర్పు దగ్గర తల ఊపాడు. పడమర దగ్గర వేలు పెట్టాడు. "దీన్ని ఉంచి, దీన్ని కొట్టేస్తే?"

"రెండు వైపులా ఒకటే మాట రాశాను మావా. మీ నోటి నుంచి వచ్చిందే. ఒకవైపు కొట్టెయ్యాలంటే, ఆ వైపువాళ్ళు ఎందుకు లేరో చెప్పండి. మీరు చెప్పింది చెప్పినట్టు రాసుకుంటాను."

ఆమె పెన్ను మూత తీసి పట్టుకుంది. ఎగతాళికి కాదు. నిజంగానే, ఆయన చెప్తే రాద్దామనే.

కుశాలప్ప ఆ పెన్ను వైపు చాలాసేపు చూశాడు.

"కాళి అంటే, మెడ పొట్టి చోమి వాళ్ళమ్మేనా?"

"ఆవిడే."

"పెద్ద గొంతు. మా బంతి కాఫీ తోటలోకి పోతే అక్కణ్ణుంచే తిట్టేది. మొక్కలు విరుగుతాయని." ఆయన చేయి చాపాడు. "ఆ పెన్ను ఇలా ఇవ్వు. గది ఇవతలికి జరపాలంటే వరండా మెట్లు మళ్ళీ కట్టాలి. మీ అమ్మతో చెప్తాను నీ సంగతి."

రిపోర్టు కింద సంతకం పెట్టాడు. ఇన్‌స్పెక్టరు తన కాగితాన్ని మడిచి, ఇంకోసారి మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

*

పోటీలు మొదలైన రోజు బొళ్ళమ్మకు మైదానం దగ్గరే బందోబస్తు. లైసెన్సు వచ్చింది. గది పనస చెట్టుకు ఇవతల లేచింది, ఇంకా సున్నం వాసన వేస్తోంది. తీగలో దారి వదిలారు. అయితే లైన్ ఇళ్ళకు ఎదురుగా కాదు, అవతలి మూలన. కుశాలప్ప అంతవరకే ఒప్పుకున్నాడు.

చోమి ఆ దారిన ఒకసారి వచ్చి చూసిందట. "అంత చుట్టు తిరిగేసరికి అన్నం చల్లారిపోతుందమ్మా. పాకితేనే దగ్గర," అంది. అంటూనే, ఆ రోజు మాత్రం చుట్టు తిరిగే వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది. అందరూ చూస్తుండగా, నిలువుగా, మైదానం అంచున నడిచి చెట్టు దగ్గరకు వెళ్ళింది. కొందరు తలలు తిప్పి చూశారు. ఎవరూ ఆపలేదు.

ఆట మొదలవబోయే ముందు మైకులో పేర్లు చదివారు. ఈ మైదానానికి నేల ఇచ్చినవారు, గోలు పోస్టులు చేయించినవారు, వరండా కట్టించినవారు. ప్రతి పేరుకూ చప్పట్లు. బొళ్ళమ్మ లాఠీ చంకలో పెట్టుకుని చివరి పేరు దాకా విన్నది. తర్వాత ఈల మోగింది.

ఒక పేరు మైకులో చదవలేదు గనుక ఇక్కడ చెప్పవలసి వస్తోంది. మీరు ఎప్పుడైనా అటు వెళ్ళి, ఆ మైదానం గట్టు మీద కూర్చుని ఆట చూస్తే, బంతి ఎక్కడా ఎగిరిపడకుండా ఈ చివర నుంచి ఆ చివరకు జారిపోతుంటే, ఆ నేల అంత చదునుగా ఉన్నందుకు ఒకామెను తలుచుకోండి. ఆమె పేరు కాళి.